గలతీయ లేఖలో ధర్మశాస్త్రము, విశ్వాసము

పౌలు గలతీయులకు వ్రాసిన లేఖను తెలుగున చదువువారికి మొదట అడ్డు తగులునది ‘ధర్మశాస్త్రము’ అను మాటయే. ఆ పేరు వినినంతనే మనువు, యాజ్ఞవల్క్యుడు, ఆచార వ్యవహార ప్రాయశ్చిత్తములు మనసునకు వచ్చును. హీబ్రూ భాషలోని ‘తోరా’ యను పదమునకు ముఖ్యార్థము ఉపదేశము. క్రీస్తునకు పూర్వమే యూదులు తమ గ్రంథమును గ్రీకున పరివర్తించుకొనినపుడు దానిని ‘నోమోస్’ అనిరి. అనగా శాసనము, కట్టుబాటు. తెలుగు మాట ఆ అర్థమునే అనుసరించినది. కాని తోరాలో విధినిషేధములతోపాటు సృష్టికథయు, అబ్రాహాము చరిత్రయు, ఐగుప్తు దాస్యవిమోచనమును గలవు. అందుచేతనే పౌలు నాలుగవ అధ్యాయమున ధర్మశాస్త్రము చెప్పునది వినుడని పిలిచి, విధి నేదియు చెప్పక, అబ్రాహాము ఇంటి కథ నెత్తుకొనును. ఇది తెలుగు పాఠకునకు వింతగా తోచినచో దోషము పాఠకునిది కాదు.

వివాదము పుట్టినది పండితసభలో కాదు, భోజనపంక్తిలో. సిరియా దేశపు అంతియొకయ పట్టణమున యూదులు తరతరములుగా స్థిరపడియుండిరి. పరజనుల నడుమ బ్రదుకు ఆ ప్రవాసులకు సున్నతి, విశ్రాంతిదినము, ఆహారనియమములు తమ జాతిని నిలుపు కంచెలు. (ఇట్టి కంచెల విలువ సొంత సీమ విడిచి తరములు గడపినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.) అచ్చట క్రీస్తును నమ్మిన యూదులును యూదేతరులును కలిసి భుజించుచుండ, యాకోబు నొద్దనుండి కొందరు వచ్చినంతనే పేతురు పంక్తి విడిచెను, బర్నబాయు ఆయన ననుసరించెను. పౌలు అందరి యెదుట పేతురును నిలదీసెను. క్రీ.శ. 50 ప్రాంతపు ఈ సంఘటనను పౌలే రెండవ అధ్యాయమున తెలిపియున్నాడు. మనుష్యుడు నీతిమంతుడుగా తీర్చబడుట విశ్వాసమువలన నను సిద్ధాంతము దాని వెంటనే వచ్చుచున్నది.

కావున ఆయన ప్రశ్న సత్కార్యములు చేయవలెనా, మానవలెనా యనునది కాదు. యూదుడు కానివాడు యూదుడుగా మారకయే దేవుని ప్రజలలో చేరవచ్చునా యనునది. 1522లో లూథరు రోమీయ లేఖను జర్మనులోనికి మార్చుచు మూలమున లేని ‘మాత్రమే’ యను పదమును విశ్వాసమునకు చేర్చెను. మనస్సాక్షి బాధతో నలిగిన ఆయనకు ఆ పఠనము ప్రాణప్రదమే; అయినను దాని నీడలో యూదమతము పుణ్యమును లెక్కవేయు వర్తకమువలె చిత్రింపబడినది. యూదులు శాసనమును పాటించినది కృపను కొనుటకు కాదనియు, కృపచే లభించిన నిబంధనలో నిలుచుట కనియు 1977లో ఇ. పి. శాండర్స్ తన గ్రంథమున వాదించెను. ‘ధర్మశాస్త్ర క్రియలు’ అనుదానికి సరిపోవు హీబ్రూ మాట, 1994లో సంపూర్ణముగ ప్రకటితమైన ఒక ఖుమ్రాను పత్రమున, శుద్ధి, బలి మొదలగు ఆచారముల చర్చలోనే కానవచ్చుట గమనింపదగినది.

పౌలు వాదములో బలమైనది కాలక్రమము. ఆదికాండము 15వ అధ్యాయమున అబ్రాహాము నమ్మగా అది నీతిగా ఎంచబడినది. సున్నతి 17వ అధ్యాయమునగాని రాదు. సీనాయి శాసనము 430 సంవత్సరముల తరువాతిది. ప్రతిపక్షుల గ్రంథముతోనే ప్రతిపక్షులను గెలుచుట యనగా నిదియే. యాకోబు లేఖ అదే మాటను గైకొని, దానిని 22వ అధ్యాయమందలి ఇస్సాకు బలితో ముడివేసి, క్రియల పక్షము వహించినది. లూథరు దానిని గడ్డితో పోల్చెను, అది తొందరపాటు. యాకోబు నిరసించినది దయ్యములకును గల ఉత్త నమ్మకము. పౌలు కోరినది ప్రేమగా పనిచేయు విశ్వాసము. అయినను ఇరువురిని పూర్తిగా ఏకము చేయజూచుటయు అతియే యగును.

లేఖలో మిక్కిలి బలహీనమైనది, ముందు చెప్పిన నాలుగవ అధ్యాయపు కథ. అందు సీనాయి నిబంధన దాసియైన హాగరుతో పోల్చబడుటచే శారా సంతతియైన యూదులే దాసీపుత్రులైరి. ఆదికాండమున దీనికి ఆధారము లేదు. కోపమే దీనిని వ్రాయించినది. పౌలు పోరాడినది తోడి క్రైస్తవబోధకులతో. తరువాతి శతాబ్దములలో సంఘము యూదేతరులమయమైనపుడు ఆ మాటలు యూదజాతిపై ఆయుధములైనవి. కొలది సంవత్సరములకే పౌలు రోమీయులకు వ్రాయుచు ఇశ్రాయేలును ఒలీవ చెట్టుగను, యూదేతరులను దానికి అంటు కట్టబడిన అడవి కొమ్మలుగను వర్ణించి, కొమ్మలు గర్వింపరాదని హెచ్చరించెను. ఆ లేఖలో హాగరు పేరు ఎచ్చటను లేదు.