బడి బస్సు పైకప్పు అడుగు లేచింది

పాత బడి బస్సు పైకప్పును అడుగు ఎత్తు లేపడానికి పట్టేది ఒక్క పూట. అందుకు బస్సును సిద్ధం చేయడానికి, లేపాక దాన్ని మళ్లీ గట్టిపరచడానికి వారాలు పడతాయి. జనం చూడ్డానికి వచ్చేది మాత్రం ఆ ఒక్క పూటకే. మా న్యాల్‌కల్‌లోనూ అంతే. జాకీలు తిప్పే పొద్దున బస్సు చుట్టూ నిలబడే చోటు లేదు. అంతకుముందు, బస్సు బాడీ పని చేసే ఉస్తాద్ ఒక్కో రివిట్టు తల ఎగరగొడుతూ కూర్చున్న రోజుల్లో నేనూ, ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడూ తప్ప అక్కడ ఎవరూ లేరు. నాకు నచ్చింది, ఈ వారం చెప్పాలనిపించింది ఆ రోజుల సంగతే.

ఆ బస్సు ఒక ప్రైవేటు బడిది. వయసైపోయి, రిజిస్ట్రేషన్ రద్దయి, తుక్కు ధరకు అమ్ముడుపోయింది. కొన్నది నాకు వరుసకు వదినయ్యే ఆవిడ. బీదర్ వైపు వెళ్లే దారి పక్కన ఆమెకు కొంత చేను ఉంది. ఇంజను తీసేసి, చాసిస్ కింద సిమెంటు దిమ్మెలు కట్టి, బస్సును అక్కడే నిలబెట్టి రొట్టెల హోటల్ పెట్టాలని ఆమె ఆలోచన. మా నల్లరేగడిలో యాసంగి జొన్న బాగా పండుతుంది; జొన్న రొట్టె తినని ఇల్లు మా వైపు లేదు. అయితే రొట్టెలు చేసే మనిషి పొయ్యి ముందు పొద్దంతా నిలబడాలి. పిల్లల కోసం కట్టిన ఆ బస్సులో లోపలి ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. కింద ప్లైవుడ్డు, దాని మీద షీటు, పైన వేడిని ఆపే దూది, దాని కింద మరో షీటు వేసేసరికి ఇంకో నాలుగు అంగుళాలు పోతాయి. వదిన పొడగరి. లోపల ఒకసారి నిలబడి చూసి, మెడ వంచుకునే బయటికొచ్చి, “గిట్ల వంగి ఎన్నేండ్లు రొట్టెలు చేస్త మరిదీ?” అంది. పైకప్పు లేపాలన్న నిర్ణయం అక్కడే జరిగిపోయింది.

ఎత్తు ఒక్కటే కాదు, వేడి సంగతి కూడా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజు ఇనుప రేకు మీద చెయ్యి పెట్టలేం. ఆ రేకు నెత్తికి జానెడు దూరంలో ఉంటే ఎన్ని ఫ్యాన్లు తిరిగినా సెగ నేరుగా మనిషి మీదికే దిగుతుంది. కప్పు లేస్తే పొయ్యి వేడి తలకంటే పైకి చేరడానికి చోటు దొరుకుతుంది. కొత్తగా వచ్చిన అడుగు పట్టీలో జాలీలు పెడితే ఆ వేడి బయటికి పోతుంది, దాని చోటును నింపడానికి కింది కిటికీల నుంచి గాలి లోపలికి వస్తుంది. మన పాత మట్టి మిద్దెల్లో గవాక్షం చేసే పని కూడా ఇదే.

ఉస్తాద్‌ది జహీరాబాద్. వయసు అరవై దాటింది. బాడీ పని ఆయనకు నేర్పినాయన ఆల్విన్‌లో చేసినవాడట. ఆల్విన్ పేరు ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి రెండు మాటలు చెప్పాలి. 1932లో నిజాం రైల్వే వాళ్ల రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. ఆ తొలినాళ్ల ఆల్బియన్ బస్సుల చాసిస్‌లు స్కాట్లాండ్‌ నుంచి వచ్చినవి. 1942లో హైదరాబాద్‌లో పుట్టిన ఆల్విన్ తర్వాతి కాలంలో బస్సులకు బాడీలు కట్టింది, డబుల్ డెక్కర్లూ కట్టింది. ఫ్రిజ్జులు, చేతి గడియారాలు కూడా చేసింది. 1980ల్లో ఆ కంపెనీయే జపాన్ నిస్సాన్‌తో చేతులు కలిపి జహీరాబాద్‌లో చిన్న లారీల కర్మాగారం నడిపింది. తర్వాత అది మహీంద్రా చేతికి వెళ్లింది. కంపెనీలు మారినా ఇనుము పని నేర్చిన మనుషులు ఊళ్లలోనే ఉండిపోయారు. హైవే పక్క రేకుల షెడ్లలో ట్రాలీలకు డాలాలు కట్టే చేతుల్లో ఆ పాత పనితనం ఇంకా ఉంది. నిమ్జ్ పేరుతో పరిశ్రమల కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12,635 ఎకరాల ప్రణాళిక గీశారు. రాబోయే కర్మాగారాల గురించి అంత మాట్లాడుకున్నాం గానీ, ఇక్కడ ఇప్పటికే ఉన్న ఈ చేతుల గురించి ఎవరూ ఒక్క ముక్క మాట్లాడగా నేను వినలేదు.

బడి బస్సు గోడ లోపల ఏముంటుందో విప్పేదాకా నాకు తెలియదు. సీట్లు తీసి, పైన ఉన్న షీట్లు ఊడదీసి, వైర్లన్నీ చుట్టగా చుట్టి పక్కన పెట్టాక ఎముకల గూడు బయటపడింది. నేల నుంచి కిటికీ అంచు దాకా రేకు తాపిన గోడ. ఆ అంచు వెంట పొడవునా వెళ్లే కమ్మీ వేస్ట్ రైలు. కిటికీలకు పైన, కప్పు వంపు మొదలయ్యే చోట ఉన్నది కాంట్ రైలు. ఈ రెంటి మధ్య కిటికీకి కిటికీకి నడుమ నిలబడ్డవి పిల్లర్లు. కప్పు బరువంతా మోసేది అవే. బస్సు బోల్తా పడితే పిల్లల తలల మీదికి కప్పు కుంగకుండా ఆపేదీ అవే. అమెరికాలో 1977 నుంచి బడి బస్సులకు ఒక నియమం ఉంది: ఖాళీ బస్సు బరువుకు ఒకటిన్నర రెట్ల బరువు పైకప్పు మీద మోపినా అది ఐదంగుళాల చిల్లర కంటే కుంగకూడదు, తలుపులు తెరుచుకోవాలి. మన దేశంలోనూ బస్ బాడీ కోడ్ ఉంది. ఎక్కడైనా ఆ బలమంతా పిల్లర్లలోనే ఉంటుంది. పైకప్పు లేపడమంటే సరిగ్గా వాటినే నరకడం. వేరే దారి లేదు.

అమెరికాలో పాత పసుపుపచ్చ బడి బస్సులను ఇళ్లుగా మార్చుకుని తిరిగేవాళ్లు ఎందరో ఉన్నారు, కప్పు లేపుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లు చేసేదీ, మా ఉస్తాద్ చేసిందీ మూలంలో ఒకటే పని. నరికే ముందు కట్టాలి. ఉస్తాద్ బస్సు లోపల ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపు పట్టించి కొలత రాసుకున్నాడు, తర్వాత రెండో జత మూలలు. ఆ రెండు కొలతలూ ఒకటైతే డబ్బా మూలమట్టంగా ఉన్నట్టు. తేడా వస్తే ముందు దాన్ని సరిచేయాలి, లేకపోతే ఉన్న వంకర వెల్డింగుతో శాశ్వతమైపోతుంది. ఆ తర్వాత రెండు పక్కల గోడల మధ్య అడ్డంగా, ఏటవాలుగా ఇనుప యాంగిళ్లను చుక్క చుక్కగా వెల్డింగు చేసి టాకా కొట్టించాడు. పిల్లర్లు తెగిన క్షణాన గోడలు బయటికి విచ్చుకోకుండా పట్టి ఉంచడానికి. ఈ యాంగిళ్లను చివర్లో మళ్లీ కోసి పారేస్తారు. వాటి కోసం రెండు రోజులు పట్టింది. “ఇడిసిపెట్టే దానికి ఇంత పనా ఉస్తాద్?” అని కుర్రాడు అడిగితే ఆయన జవాబివ్వలేదు, ఇంకో యాంగిల్ అందుకొమ్మన్నాడు.

లేపే రోజు పొద్దున్నే ఎండ ముదరక ముందు మొదలుపెట్టారు. ఎండకు కప్పు రేకు సాగుతుంది, కొలతలు మారతాయి. లోపల నాలుగు మూలలా నాలుగు, నడుమ రెండు స్క్రూ జాకీలు, వాటి మీద దుంగలు, దుంగలు కాంట్ రైలును పట్టి ఉన్నాయి. ముందు జాకీలన్నీ కొద్దిగా బిగించి కప్పు బరువు వాటి మీదికి తెచ్చాడు. అప్పుడు గ్రైండరు పట్టాడు. ఎడమ పక్క ఒక పిల్లర్, కుడి పక్క దాని ఎదురుది, ముందు ఒకటి, వెనక ఒకటి. వరసగా ఒకే పక్క కోసుకుంటూ పోలేదు. కోత బిగుసుకుని చక్రాన్ని పట్టేస్తే కప్పు బరువు ఇంకా పిల్లర్ మీదే ఉన్నట్టు. జాకీని ఇంకొంచెం తిప్పమనేవాడు. కోత కాస్త తెరుచుకుంటే జాకీ ఎక్కువ మోస్తున్నట్టు. అప్పుడు కొద్దిగా దించమనేవాడు. ఆ ఆకు మందం సందును చూసి ఆయన బరువు చదివాడు. ఈ ఒక్క సంగతి దగ్గరుండి చూసినందుకే నాకు ఆ వారాలన్నీ సార్థకమయ్యాయి.

చివరి పిల్లర్ తెగాక ఆరు జాకీల దగ్గర ఆరుగురం. వెనక ఎడమ మూలది నాది. “ఒక్క చుట్టు” అంటే అందరం ఒక్క చుట్టే. ఆపడం, నీళ్ల ట్యూబుతో నాలుగు మూలల మట్టం చూడడం, మళ్లీ ఒక చుట్టు. మేస్త్రీలు ఇంటి గోడకు వాడే పారదర్శకమైన ట్యూబే అది. ప్రతి రెండు అంగుళాలకూ కోసిన పిల్లర్ల పక్కన చెక్క దిమ్మెలు దూర్చేవాడు, జాకీ జారినా కప్పు రెండు అంగుళాల కంటే పడకుండా. మధ్యలో ఒకసారి నా మూల వెనకబడింది. ఆయన ఏమీ అనకుండా మిగతా ఐదుగురినీ ఆపి నన్ను తిప్పమన్నాడు. పన్నెండు అంగుళాలు లేచేసరికి మధ్యాహ్నమైంది. బయట ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టి భోజనాలకు వెళ్లిపోయారు.

అసలు పని అప్పుడు మొదలైంది. కోసిన పిల్లర్ల మధ్య ఖాళీలో పాత పైపుకు సరిపోయే గేజి పైపు ముక్కలు పెట్టాలి. ఉత్తగా మొనకు మొన ఆనించి వెల్డింగు చేస్తే సరిపోదు. లోపల ఇంకో పైపు ముక్కను కింద నాలుగు అంగుళాలు, పైన నాలుగు అంగుళాలు దూర్చి, దాని మీదుగా అతుకు వేయించాడు. ముందు అన్నిటికీ టాకాలే. ఒక పిల్లర్‌కు నిండుగా వెల్డింగు చేస్తే వేడికి కరిగిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకుని కప్పును అటు లాగుతుంది. అందుకని ఎడమ ఒకటి, కుడి ఒకటి, చల్లారనిచ్చి మళ్లీ. రోజుకు కొన్నే. ప్రతి అతుకుకూ ఎర్ర ప్రైమర్ కొట్టాకే దాని మీద రేకు వేయనిచ్చాడు, ఎందుకంటే బస్సు తుప్పు బయటి నుంచి కాదు, మూసేసిన చోటు నుంచే మొదలవుతుంది. బయట వేసింది అల్యూమినియం రేకు. అది ఇనుముకు నేరుగా తగిలి తడి చేరితే అల్యూమినియం తినుకుపోతుంది కాబట్టి మధ్యన టేపు అంటించాడు. పై రేకు అంచు కింది రేకు మీదికి రావాలి, ఆ మధ్యలో సీలెంట్, ఆ మీద రివిట్లు. ముందు అద్దం పైన కొత్తగా వచ్చిన నుదురు, అటూ ఇటూ రెండు వైపులకూ ఒంపు తిరిగేది, అన్నిటికంటే కష్టపెట్టింది. దాన్ని ఆయన సుత్తితో, ఇసుక సంచి మీద తట్టి తట్టి తెచ్చాడు. ఎవరినీ తాకనివ్వలేదు.

ఒక్క విషయంలో నేనే పట్టుబట్టాను. బస్సు వెనక అత్యవసర ద్వారం ఉంది. వంటగట్టు దానికి అడ్డంగా కడితే చోటు కలిసొస్తుందని వదిన లెక్క. గ్యాసు సిలిండరు ఉండే డబ్బాకు ఒకే దారి ఉండకూడదని నేనన్నాను. 2013 అక్టోబరు 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. ఆ పొద్దుటి ఫొటోలు చూసినవాళ్లెవరూ బస్సులో తలుపును తేలిగ్గా తీసుకోలేరు. వదిన కాసేపు ఆలోచించి గట్టును పక్కకు జరిపించింది. సిలిండరు బస్సు బయట జాలీ గూట్లోకి వెళ్లింది.

ఇదంతా నిలబెట్టిన బస్సుకు కాబట్టి కుదిరింది. రోడ్డు మీద తిరిగే బండి కప్పు లేపితే బరువు పైకి చేరుతుంది, మలుపులో ఒరిగే గుణం పెరుగుతుంది. తయారీదారు చెప్పిన కొలతలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు; 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఈ విషయంలో నేను చట్టం పక్షమే. కాకపోతే నాకొక కోరిక ఉంది. మన ఐటీఐల్లో వెల్డింగు నేర్చుకునే పిల్లల ముందు ఇలాంటి ఉస్తాద్‌ను వారానికి ఒక పూట నిలబెట్టాలి, అందుకు జీతం ఇవ్వాలి. ఆయన చదివింది ఐదో తరగతే అన్న కారణం అడ్డు రాకూడదు. కోత సందును చూసి బరువు చదవడం ఏ పుస్తకమూ నేర్పదు.

పని ముగింపుకొచ్చిన రోజుల్లో ఒకాయన జీపులో వచ్చాడు. ట్రావెల్స్ బస్సు ఉందట, కప్పు లేపి పైన బెర్తులు వేయాలట, డబ్బుకు వెనకాడనన్నాడు. “తిరిగే బండికి చెయ్య సేఠ్. నిలవెట్టేదుంటె తీస్కరా” అన్నాడు ఉస్తాద్, గ్రైండరు ఆపకుండానే. జీపులో వచ్చినాయన ఇంకో షెడ్డు అడ్రసు అడిగాడు. ఉస్తాద్ అదీ చెప్పలేదు. జీపు వెళ్లాక ట్యాంకరు పైపు తెప్పించి కప్పు మీద గంటసేపు నీళ్లు కొట్టించాడు. వెనక కుడి మూల ఒక రివిట్టు దగ్గర చెమ్మ కనిపించింది. దాన్ని తొలిచి, సీలెంట్ నింపి, మళ్లీ బిగించమని కుర్రాడికి చెప్పి, ఇంకో గంట నీళ్లు కొట్టించాడు.