దండు ఉత్తరాలు - సిపాయి గుడిసె

బెంగుళూరులో 1809లో వెలసిన కంటోన్మెంటును జనం 'దండు' అన్నారు. ఇంట తెలుగు, బడిలో కన్నడం నేర్చిన పావగడ తాలూకా విద్యార్థులకు ఇది రెండు భాషల్లోనూ తెలిసిన మాటే. దండు అంటే సైన్యం. సైన్యం దిగిన చోటు కూడా దండే. మనిషికీ అతని విడిదికీ పేరు ఒక్కటే. వలస పాలకుల ఉత్తరప్రత్యుత్తరాల్లో మాత్రం ఈ రెండూ విడిపోతాయి. హాంకాంగ్ ఉదాహరణతో దీనిని పరిశీలించడం మా ఉద్దేశం.

1841 జనవరిలో బ్రిటిషువారు ఆక్రమించిన ఆ ద్వీపంలో తొలినాటి దండులో మద్రాసు 37వ దేశీయ పదాతి దళం ఉంది. తెలుగు, తమిళ, ముస్లిం సిపాయిలు కలిసినది మద్రాసు సైన్యం. ఉత్తరాదిలో కంపెనీ సిపాయిలకు 'తిలంగా' అనే పేరు నిలిచిందంటే అందులో మనవారి పాలు ఊహించవచ్చు. వెదుళ్లతో, చాపలతో కట్టిన తాత్కాలికపు పాకలను ఆ జూలై తుపానులు పడగొట్టాయి. 1843 వేసవి జ్వరాలకు దండులో ఎందరో బలయ్యారు.

ఆ కాలంలో గవర్నరు పాటింజరు, సైన్యాధికారులు, ఇంజనీరు ఆల్‌డ్రిచ్, లండను అధికారుల మధ్య నడిచిన వాదమంతా మూడు ప్రశ్నల చుట్టూ తిరిగింది: ఏ నేల, ఎంత ఖర్చు, ఎవరి మాట చెల్లాలి. సైనికుల ఆరోగ్యంపై వారి ఆందోళన బూటకమని మేము అనము. రోగి అయిన సైనికుడు ఖజానాకు నష్టం. ఆ దారినే జాలి కూడా ఉత్తరంలోకి ప్రవేశించింది.

అయితే పదాలను గమనించాలి. తెల్ల సైనికునికి సర్కారు కట్టించేది 'బ్యారక్సు'. సిపాయిలు ఉండేది 'లైన్లు'. స్వదేశంలో కంపెనీ గుడిసెకని కొంత సొమ్మిచ్చేది. సిపాయి తానే కట్టుకునేవాడు. తాటాకు, తోడు వచ్చే చేతులు, వెంట ఆలుబిడ్డలు ఉన్నచోట అది సాగింది. సముద్రం దాటాక ఇవేవీ అందుబాటులో లేవు. సిపాయి తన గూడు తానే చూసుకుంటాడన్న అలవాటు మాత్రం ఓడెక్కి వెళ్లింది. సిపాయికి ఎలాంటి ఇల్లు కావాలో అతనినే అడగడం ఆ వ్యవహారంలో భాగం కాదు. అతడు ఉత్తరానికి విషయమే గాని, రాసేవాడూ కాదు, అందుకునేవాడూ కాదు.

ఫలితం కంటికి కనబడుతుంది. సేనాని కోసం 1846లో పూర్తయిన భవనం 1984 నుండి మ్యూజియంగా ఉంది. అధికారుల వసతిగా కట్టిన మరీ హౌసును 1982లో రాయి రాయి విప్పి, స్టాన్లీలో మళ్లీ నిలబెట్టి 1999లో తెరిచారు. వెదురుపాకకు అలాంటి భాగ్యం లేదు.

కనుక ఈ ఉత్తరాలను కేవలం సమాచారంగా చదివితే చాలదు. ఎవరి ఇంటికి కొలతలున్నాయి, ఎవరి ఇంటికి ఖర్చు మాత్రమే ఉంది అని పంక్తి పంక్తికీ అడగాలి. 1956 పునర్విభజన తరువాత కూడా మైసూరులోనే నిలిచిన పావగడ తెలుగువారు జనాభా లెక్కల్లో ఒక అంకెగా కనిపిస్తారు. అంకె వెనుక ఇంటిని వెదకడం వారికి కొత్తగా నేర్పవలసిన విద్య కాదు. ఇంటి తెలుగు, బడి కన్నడం, దస్తావేజుల ఇంగ్లీషు మూడూ తెలిసిన మన విద్యార్థులే ఈ పనికి పూనుకోవాలని మా ఆకాంక్ష.