కూడాల్నా, తీసెయ్యాల్నా?

రాత లెక్క ఇవ్వగానే మరిపెడ బడుల్లోనే కాదు, ఏ బడిలోనైనా వినిపించే మొదటి ప్రశ్న ఇదే. దానికి వెంటనే జవాబు చెప్పని టీచర్లంటే నాకు ఎనలేని గౌరవం.

"రవి దగ్గర 12 గోళీలున్నాయి. లత దగ్గరున్న వాటికంటే ఇవి 5 ఎక్కువ. లత దగ్గరెన్ని?" 'ఎక్కువ' అన్న మాట కనబడగానే పిల్ల 17 అని రాసేస్తుంది. నేర్పున్న టీచరు ఇంటూ పెట్టదు. చింతగింజలు ముందు పోస్తుంది.

"ఎవరి దగ్గర ఎక్కువున్నయ్ బిడ్డా?"

"రవి దగ్గర."

"మరి లతకు 17 ఎట్లొస్తయ్?"

పిల్ల 12 గింజలు వరుసగా పేరుస్తుంది. వాటి కింద లత వరుస పేరుస్తూ ఏడు దగ్గర ఆగిపోతుంది. పైవరుసలో మిగిలిన అయిదింటినీ వేలితో ఒక్కొక్కటే తాకి చూసుకుంటుంది.

మరిపెడ చుట్టూ ఉన్న తండాల పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ. లెక్క కన్నా ముందు లెక్కలోని తెలుగే వాళ్లకు అడ్డం పడుతుంది. అందుకే మంచి టీచర్లు లెక్కను ముందు పిల్లల సొంత మాటల్లో చెప్పిస్తారు. మిరప కల్లంలోకో, పత్తి ఏరిన కూలిలోకో మారుస్తారు. 1945లో వచ్చిన 'హౌ టు సాల్వ్ ఇట్'లో గణితవేత్త జార్జ్ పోల్యా మొదటి మెట్టుగా పెట్టిందీ ఇదే: ముందు సమస్య అర్థం కావాలి. తెలంగాణలో 2022లో మొదలైన 'తొలిమెట్టు' బడి కార్యక్రమం కూడా చదవడాన్నీ లెక్కనూ కలిపే పట్టుకుంది.

ఇంట్లో చెప్పడానికీ పెద్ద చదువు అక్కర్లేదు. అక్షరం రాని తల్లి కూడా "ఆ లెక్కల ఏం జరిగిందో నాకు చెప్పు బిడ్డా" అని అడగగలదు.