పుస్తకం దగ్గర నెల్లాళ్లు

పిడుగురాళ్ల పేరు వింటే సున్నపు బట్టీలు, మిరప కల్లాలు గుర్తొస్తాయి గానీ చరిత్ర పరిశోధన గుర్తుకు రాదు. అయితే దగ్గర్లోని కారంపూడిలో ఏటా కార్తీకంలో పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. ఆ వీరుల కథలోని బ్రహ్మనాయుడి గురించీ నాయకురాలు నాగమ్మ గురించీ నోటు పుస్తకాలు నింపుకొనే మాస్టార్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు ఆసక్తికి లోటు లేదు. అసలు కాగితం దగ్గరికి వెళ్లే దారే లేదు. కల్నల్ మెకంజీ రాయించిన కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. అక్కడ నెల్లాళ్లు కూర్చోవాలంటే రైలు ఛార్జీ, అద్దె గది, రెండు పూటలా మెస్సు భోజనం, ఊళ్లో ఆగిపోయే సంపాదన, అన్నీ లెక్కలోకి వస్తాయి.

ఈ ఖర్చును గ్రంథాలయమే పెట్టుకునే పద్ధతి ఒకటుంది. చికాగో విశ్వవిద్యాలయ గ్రంథాలయం ప్లాట్స్‌మన్ పేరిట బయటి పరిశోధకులకు ఫెలోషిప్పులు ఇస్తుంది. తమ ప్రత్యేక సేకరణలు చూడటానికి వచ్చేవారి ప్రయాణానికీ బసకూ సాయపడటమే దాని ఉద్దేశం. చికాగోకు 100 మైళ్ల అవతల ఉండేవాళ్లే దానికి అర్హులు. ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్, హార్వర్డ్‌లో హౌటన్ కూడా ఇలా బయటివారిని పిలిచి కూర్చోబెడతాయి. దూరమే అర్హత అయితే విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి 400 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న పిడుగురాళ్ల మనిషికి మొదటి వరసలోనే చోటు దొరకాలి.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. కంపెనీ కాలపు ఇంగ్లీషు అధికారి సి.పి. బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితులను నెల జీతాల మీద పెట్టుకుని, తాళపత్రాలు తెప్పించి వాళ్ల ముందు పెట్టాడు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు పోగుచేయడం, ఒకరు చదువుతుంటే మిగతావారు తమ ప్రతిలో తేడాలు పట్టడం, చివరికి శుద్ధప్రతి రాయడం అక్కడి పని. జీతం చాలక బ్రౌన్ అప్పులు కూడా చేశాడు. జూలూరి అప్పయ్య పండితుడి వ్యాఖ్యతో మనుచరిత్ర 1851లో అచ్చుకెక్కిందంటే దాని వెనక ఈ జీతాల పద్దు ఉంది. శిథిలమైపోతున్న మెకంజీ కైఫియత్తులకు నకళ్లు రాయించింది కూడా ఆయనే.

ఆ కడపలోనే ఇప్పుడు బ్రౌన్ పేరుతో భాషా పరిశోధన కేంద్రం ఉంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో నిలబడిన ఆ గ్రంథాలయాన్ని యోగి వేమన విశ్వవిద్యాలయం నడుపుతోంది. బయటి పాఠకుడికి నెల్లాళ్ల బస, భత్యం ఇవ్వడానికి తెలుగునాట దీనికి మించిన చోటు లేదు.

నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకున్నవారికి నెలకు 37,000 రూపాయలు వస్తాయి, సంతోషమే. అది పీహెచ్‌డీలో చేరిన వాళ్లకు. బడిలో పాఠం చెప్పే మాస్టారికీ, వీరుల కథ నోటికొచ్చిన గాయకుడికీ అందులో వాటా లేదు. పల్నాటి వీరుల కథను ఆలిశెట్టి గాలెయ్య పాడగా విని, అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది. అంత దూరం నుంచి ఒకరు పల్నాడు రాగలిగినప్పుడు, పల్నాటి మనిషి కడపకో విశాఖకో వెళ్లగలగాలి.

తాళపత్రాలకు స్కాన్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నవరకూ మేలే. తాటాకు మీద పదాల మధ్య ఎడం ఉండదు. ఘంటంతో గీసిన అక్షరంలో మసి చెరిగితే ఆకును కాస్త వంచి, పక్క వెలుతురులో గాటు చూసి చదవాలి. కట్ట తాడు తెగిన చోట ఆకుల వరస మారిపోయి ఉంటుంది. మొదటి వారమంతా ఆ లేఖకుడి చేతిరాత అలవాటు కావడానికే పోతుంది. అందుకే ఒక్కరోజు వచ్చి పోయే పాఠకుడికి పెద్దగా ఏమీ దక్కదు.

ఇలాంటి ఫెలోషిప్పు మొదలుపెట్టడానికి ఏడాదికి ఇద్దరు చాలు. దరఖాస్తు తెలుగులో, ఒక్క పేజీ. డిగ్రీ అడగకూడదు, ఏ కట్ట చూడాలో ఎందుకు చూడాలో అడగాలి. మిరప కోతలు ముగిసి బడికి సెలవులిచ్చే మే నెల అయితే పల్నాటి వాళ్లకు కుదురుతుంది. వెళ్లినవారు రాసుకున్న నకలు ఒకటి ఆ గ్రంథాలయానికి, మరొకటి తమ ఊరి శాఖా గ్రంథాలయానికి ఇవ్వాలన్న షరతు పెట్టుకోవచ్చు.