ఉక్కు ఒదిగే చోటు

వేట రైఫిల్‌ను చేతికిస్తే ఎవరైనా ముందు గొట్టం చూస్తారు, తర్వాత బోల్టు ఆడించి చూస్తారు, కర్ర మీది మెరుగును వేలితో తడుముతారు. పని తెలిసినవాడు మాత్రం లోపల తూటా లేదని రూఢి చేసుకుని, అడుగునున్న మరలు విప్పి, ఉక్కు భాగాన్ని పైకి లేపి, కర్రలోని ఖాళీ గాడిని వెలుతురుకు తిప్పుకుంటాడు. ఉక్కు ఎక్కడ ఆనుతోంది, ఎక్కడ ఆనకుండా గాలిలో నిలిచింది, ఏ మూల కర్ర నలిగింది అన్నదంతా అక్కడ రాసిపెట్టినట్టు ఉంటుంది. తయారైన రైఫిల్‌లో ఎవరికీ కనిపించని ఆ గాడిని సరిచేసే పనినే బెడ్డింగ్ అంటారు. గొట్టం మార్చకుండా, కొత్త దుర్భిణి కొనకుండా, రైఫిల్ గురికి నిలకడ తెచ్చే పనుల్లో దీనికి సాటి వచ్చేవి తక్కువ.

తెలివైన పాఠకుడికి వెంటనే ఒక అనుమానం రావాలి. గురి చూసే దుర్భిణి కూడా బోల్టు ఆడే ఆ ఉక్కు భాగం మీదే, అంటే యాక్షన్ మీదే బిగించి ఉంటుంది. ఆ ఉక్కు కర్రలో కాస్త అటూ ఇటూ జరిగితే గొట్టమూ దుర్భిణీ కలిసే జరుగుతాయి కదా, గురి ఎందుకు తప్పాలి?

జవాబు తూటా పేలిన క్షణంలో ఉంది. లోకమంతా ఎరిగిన .30-06 తూటా పేలితే లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల దాకా పోతుంది. గుండు గొట్టం దాటడానికి పట్టేది సెకనులో వెయ్యోవంతు, లేదా అంతకు కాస్త ఎక్కువ. ఆ కొద్ది వ్యవధిలోనే గొట్టం కంపించడం మొదలుపెడుతుంది, రైఫిల్ మొత్తం వెనక్కి తన్నడం మొదలుపెడుతుంది. అంటే గుండు ఇంకా లోపల ఉండగానే ఉక్కు కర్రను నెడుతోంది. కర్ర ఎక్కడ ఎదురు నిలుస్తుందో దాన్ని బట్టి ఉక్కు వంగుతుంది. ఎగుడుదిగుడు గాడిలో యాక్షన్‌ను మరలతో బిగిస్తే పేలకముందే అది లోలోపల మెలిపడి ఉంటుంది. ప్రతి దెబ్బకూ కాస్త జరిగి, ప్రతిసారీ ఇంకో మెలికతో నిలుస్తుంది. 60 సెంటీమీటర్ల గొట్టం మూతి మిల్లీమీటరులో పదోవంతు పక్కకు వంగినా 100 మీటర్ల దూరంలో గుండు ఒకటిన్నర సెంటీమీటర్లకు పైగా తప్పుతుంది. అయిదు గుండ్లకు అయిదు రకాల మెలికలు పడితే కాగితం మీద అయిదు రంధ్రాలు చెల్లాచెదురుగా పడతాయి. ఎప్పుడూ ఒకే వైపు తప్పే రైఫిల్‌ను దుర్భిణి మర తిప్పి దారికి తేవచ్చు. ప్రతిసారీ ఒక్కో వైపు తప్పేదానికి ఆ మందు పనిచేయదు.

అమెరికాలో ఫ్రాంక్లిన్ మాన్ అనే వైద్యుడు గుండు నడకను ఏళ్ల తరబడి పరీక్షించి 1909లో ఒక పుస్తకం అచ్చువేశాడు. గుండు సంగతి, గొట్టం సంగతి విడిగా తేల్చుకోవడానికి ఆయన చేసిన మొదటి పని కర్రను పూర్తిగా తీసేయడం. కాంక్రీటు దిమ్మె కట్టి, దాని మీద ఇంగ్లీషు వి ఆకారపు ఇనుప పడక అమర్చి, ఒట్టి గొట్టాన్ని అందులో పడుకోబెట్టి కాల్చాడు. కర్ర తెచ్చిపెట్టే గందరగోళం ఎంతటిదో ఈ ఒక్క ఏర్పాటు చెబుతుంది. కానీ వేటగాడు కాంక్రీటు దిమ్మెను భుజాన వేసుకుని అడవిలో తిరగలేడు. ఆ దిమ్మె ఇచ్చిన నిశ్చలతను మూడు, నాలుగు కిలోల రైఫిల్‌లో సాధించి చూపడమే బెడ్డింగ్ పనివాడి ఘనత.

ఈ పనికి పాత పద్ధతి ఒకటుంది, అది వడ్రంగి చేతిది. ఉక్కు అడుగున దీపపు మసిని నూనెతో కలిపి పలచగా పూస్తారు. దాన్ని గాడిలో నిటారుగా దించి, తేలిగ్గా తట్టి, మళ్లీ నిటారుగా ఎత్తుతారు. కర్రలో మసి అంటినచోటు ఎత్తుగా ఉన్నట్టు. ఆ నల్లటి చుక్కను మాత్రమే పదునైన ఉలితోనో, గీకుడు రేకుతోనో పొరలా తీస్తారు. మళ్లీ మసి, మళ్లీ దించడం, మళ్లీ ఎత్తడం. మొదట రెండు మూడు చుక్కలే కనిపిస్తాయి. పని సాగేకొద్దీ చుక్కలు పెరుగుతాయి, చివరికి ఆనవలసిన మేరంతా ఒకే తీరుగా నల్లబడుతుంది. ఇందులో తొందరకు తావు లేదు. ఎక్కువ తీసిన కర్ర తిరిగి రాదు కాబట్టి ప్రతి గీతకూ ముందు ఒక నిర్ణయం ఉండాలి. మన ఐటీఐల్లో ఫిట్టర్ కోర్సు చదివిన కుర్రాళ్లు ఇనుప పలకలకు నీలిరంగు పూసి, ఎత్తులు గుర్తించి గీకడం నేర్చుకుంటారు. అదే విద్య ఇక్కడ కర్రకు వర్తిస్తుంది.

మనవాళ్లు లైసెన్సు మీద కొనే వేట రైఫిళ్లలో పేరున్నది బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసిన .315. దాని యాక్షన్ పాత లీ-ఎన్‌ఫీల్డ్ సైనిక రైఫిల్ వంశానిది. ఆ వంశంలో కర్ర ఒకే ముక్క కాదు, ముందు కర్ర వేరు, భుజానికి ఆనే వెనక కర్ర వేరు. ముందు కర్ర వెనక కొసన రెండు చిన్న భుజాలుంటాయి. ఉక్కు వెనక్కి తన్నే బలమంతా ఆ రెంటి మీదే పడుతుంది. రెండూ సమంగా ఆనితే రైఫిల్ బుద్ధిగా ఉంటుంది. ఒకటి ఆని ఇంకొకటి ఆనకపోతే ఉక్కు పక్కకు తిరుగుతుంది, కొన్నాళ్లకు కర్ర చీలుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆస్ట్రేలియాలోని లిత్‌గో ఫ్యాక్టరీ వాల్‌నట్‌కు బదులు మెత్తని స్థానిక కర్ర వాడవలసి వచ్చినప్పుడు ఆ భుజాల దగ్గర రాగి రేకులు పొదిగింది. ఇషాపూర్ రైఫిళ్లలో ముందు కర్ర చీలకుండా అడ్డంగా ఒక మర దూర్చారు. రెండు దేశాల పనివాళ్లూ ఒకే బలహీనతను గుర్తించి, చెరో దారిన మందు వేశారు.

కర్రకూ లోహానికీ నడుమ పొత్తు కుదిర్చే విద్య తెలుగువాళ్లకు కొత్తది కాదు. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. దాని దండి మీద 24 లోహపు మెట్లను తేనెమైనం, బొగ్గుపొడి కలిపిన నల్లటి ముద్దలో కూర్చుతారు. మైనం మెత్తగా ఉన్నప్పుడు మెట్టు ఎత్తు, వాటం సరిచూసి, గట్టిపడ్డాక స్వరం పరీక్షిస్తారు. రైఫిల్‌కు నేటి పద్ధతి కూడా సరిగ్గా ఇలాంటిదే. మెత్తగా ఉన్నప్పుడు ఉక్కు ఆకారాన్ని అచ్చంగా పట్టుకుని, తర్వాత రాయిలా బిగుసుకునే ముద్ద ఒకటి కావాలి. ఆ ముద్ద ఎపాక్సీ, మన ఇళ్లలో అరాల్డైట్‌గా ఎరిగిన జాతిదే. పేలుడు దెబ్బకు తట్టుకునేలా అందులో ఉక్కుపొడో గాజునారో కలిపి ఉంటుంది.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ముద్ద కలపకముందు జరిగే ఏర్పాటు. ముందుగా గాడిలోంచి ఎపాక్సీకి చోటు వచ్చేలా రెండు మూడు మిల్లీమీటర్ల కర్ర తీస్తారు, అంచుల దగ్గర మాత్రం ముట్టుకోరు. ఉక్కులోని ప్రతి బెజ్జాన్ని, ప్రతి సందును పిల్లల ఆటమట్టితో పూడ్చి నున్నగా చేస్తారు. ఒక్క సందు మరిచినా ఎపాక్సీ అందులో చేరి గట్టిపడి ఉక్కును కర్రకు శాశ్వతంగా తాళం వేస్తుంది. యాక్షన్ అడుగున ముందువైపు రికాయిల్ లగ్ అనే ఉక్కు గూటం ఉంటుంది. వెనక్కి తన్నే బలాన్ని మోసేది అదే. దాని ముందు ముఖానికి, రెండు పక్కలకు, అడుగుకు టేపు అంటిస్తారు, వెనక ముఖాన్ని మాత్రం వట్టిగా వదులుతారు. టేపు తీసేశాక గూటం చుట్టూ సన్నని ఖాళీ మిగులుతుంది, వెనక ముఖం ఒక్కటే నిండుగా ఆనుతుంది. బలం ఎటు పోతుందో తెలిసి, ఆ ఒక్క దిక్కునే చోటిచ్చి, మిగతా దిక్కుల్లో ఉక్కును స్వేచ్ఛగా వదిలేసిన ఆలోచన అది.

తర్వాత ఉక్కుకు పలచగా మైనమో బూట్ పాలిషో పట్టించి తుడుస్తారు. గొట్టం కర్ర నడిమధ్యన నిలిచేలా దానికి టేపు చుడతారు. ఎపాక్సీ గాడిలో పరచి యాక్షన్‌ను మెల్లగా దించుతారు. ఇక్కడే కొత్తవాడికీ పాతవాడికీ తేడా. కొత్తవాడు మరలు గట్టిగా బిగిస్తాడు. బిగిస్తే ఉక్కు వంగుతుంది, వంగిన ఉక్కు అచ్చే ఎపాక్సీలో నిలిచిపోతుంది, ఆ మెలిక ఇక ఎప్పటికీ పోదు. అనుభవం ఉన్నవాడు మరలను దారి చూపడానికే వాడి, యాక్షన్‌ను రబ్బరు పట్టీతో తేలిగ్గా చుట్టి వదిలేస్తాడు. తన బరువుతో తాను కూర్చున్న ఉక్కు ఆకారాన్నే అచ్చు తీస్తాడు. ఒక రోజంతా ఆరనిచ్చి, తట్టి విడదీసి, పొంగిన అంచుల్ని ఉలితో చెక్కుతాడు. మంచి పని అయితే గాడిలో ఉక్కు మీది పాత గీతలు కూడా అచ్చుపడి కనిపిస్తాయి.

మరలు దిగేచోట కర్ర నలగకుండా అల్యూమినియం గొట్టాలు పొదగడం ఇంకో మెరుగు. వాటిని పిల్లర్లు అంటారు. మర ఎంత బిగించినా లోహం లోహాన్నే అదుముతుంది, నడుమ కర్రకు దెబ్బ తగలదు. ఒట్టి కర్రలో మరలు కాలక్రమంలో వదులవుతాయి. పిల్లర్లుంటే ఈ ఏడాది బిగింపు వచ్చే ఏడాదికీ ఉంటుంది.

ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే తీరప్రాంతపు గాలి తెలియాలి. పుదుచ్చేరి పట్నానికి ఉత్తరాన, సముద్రానికి దగ్గరలో ఉన్న ముత్తియాల్‌పేటలో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాక చెక్క తలుపులు చౌకట్లలో బిగుసుకుపోతాయి, ఎండలు ముదిరాక వదులవుతాయి. నెల్లూరు నుంచి యానాం దాకా కోస్తా ఇళ్లలో అందరూ ఎరిగిన సంగతే. కర్ర పొడవు వాటాన పెద్దగా మారదు, అడ్డంగా మాత్రం తేమతో ఉబ్బుతుంది. స్టాకు అని పిలిచే రైఫిల్ కర్ర కూడా ఆ ధర్మానికి లోబడినదే. వియత్నాం యుద్ధంలో అమెరికన్ మెరైన్ల ఎం40 రైఫిళ్లు 1966లో కర్ర స్టాకులతో వెళ్లాయి. అక్కడి తేమకు ఉబ్బిన కర్ర గొట్టాన్ని ఒరుసుకుని గురి దెబ్బతింది. 1970ల్లో వచ్చిన ఎం40ఎ1కు ఫైబర్‌గ్లాస్ స్టాకు పెట్టారు. కర్రను వదులుకోని పనివాడు వేరే దారి పడతాడు: గాడి లోపలి కర్రకంతా నూనెనో వార్నీషునో తాగించి తేమకు తలుపు మూస్తాడు, గొట్టానికీ కర్రకూ నడుమ మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు వదులుతాడు. మడతపెట్టిన కాగితాన్ని ఆ సందులో మూతి నుంచి యాక్షన్ దాకా జరిపితే ఎక్కడా ఆగకూడదు.

లీ-ఎన్‌ఫీల్డ్ సైనిక రైఫిళ్లలో మాత్రం కర్ర ముందు కొసన గొట్టాన్ని కావాలనే కాస్త పైకి నెట్టి ఉంచారు. అదీ పనిచేసింది. గొట్టాన్ని తేల్చడం, అదిమి ఉంచడం పరస్పర విరుద్ధంగా కనిపించినా రెండింటిదీ ఒకే కోరిక: ప్రతి దెబ్బకూ మారని స్పర్శ. స్పర్శ ఎంత అన్నది కొంత మారవచ్చు, నిలకడలో మాత్రం రాజీ లేదు. బెడ్డింగ్ గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. ఈ పనికి కొలమానం బిగువు కాదు, నిలకడ. పరీక్ష కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. గొట్టానికీ ముందు కర్రకూ నడుమ డయల్ గేజి నిలిపి ముందు మరను మెల్లగా వదులు చేస్తారు. మంచి బెడ్డింగ్‌లో ముల్లు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మించి కదలదు. ఎక్కువ కదిలితే ఉక్కు లోలోపల మెలిపడి ఉందని అర్థం. ఎపాక్సీ గీకేసి మళ్లీ మొదలుపెట్టాలి.

పుదుచ్చేరికి వర్తకానికి వచ్చిన ఫ్రెంచివాడు రేమండ్ తర్వాత నిజాం కొలువులో చేరి, 1795లో హైదరాబాదులో ఫిరంగుల పోతశాల కట్టించాడు. గన్‌ఫౌండ్రీ అనే పేట పేరు నేటికీ దాన్నే గుర్తుచేస్తుంది. లోహం పోసినవాడికి ఊరి పటంలో చోటు దక్కింది, దానికి కర్రలో చోటు చూపిన వడ్రంగికి దక్కలేదు. అందుకే ఈ పనిని కాస్త గొంతెత్తి మెచ్చుకోవాలనిపిస్తుంది.

అమెరికాలో దీన్ని చాలామంది ఇంటి గ్యారేజీ బల్ల మీదే చేసుకుంటారు. మన దేశంలో తుపాకి మరమ్మతుకు 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి కాబట్టి ఇది లైసెన్సున్న గన్‌స్మిత్ చేతికి వెళ్లవలసిన పని. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత సరదా వేట ఇక్కడ ముగిసింది. మిగిలింది పోటీల గురి, పంటల్ని పాడుచేసే అడవిపందుల మీద అధికారులిచ్చే అనుమతి. హైదరాబాదు షూటర్ గగన్ నారంగ్‌కు 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. అక్కడ కొద్దిపాటి కదలికకు పోయేది పాయింటు. పొలం గట్టున అంతకన్నా పెద్ద విలువ పోతుంది. చల్లని గొట్టంలోంచి వెళ్లే మొదటి గుండే అక్కడ లెక్క, రెండో అవకాశం ఉండదు. ఆ గుండు జానెడు పక్కకు పోతే గాయపడిన జంతువు పొదల్లో పడి రోజుల తరబడి నరకం చూస్తుంది. దాన్ని చంపక తప్పనప్పుడు ఒక్క దెబ్బతో, బాధ లేకుండా ముగించడం కాల్చేవాడి బాధ్యత. ఆ బాధ్యతలో సగం, రైఫిల్ అతని చేతికి రాకముందే, గాడిలో మసి చుక్కల్ని ఓపికగా గీకినవాడు మోసి ఉంటాడు.