ఎడమకాలి పాఠం

ఆదివారం పొద్దున ఢిల్లీ మయూర్ విహార్‌లో మా కాలనీ పిల్లలతో ఫుట్‌బాల్ ఆడతాను. మొన్న వాళ్లకు ఒకే షరతు పెట్టాను: కుడికాలితో బంతి తన్నకూడదు. కాసేపు ఒకటే గోల. బంతి ఒకవైపు, పిల్లలు ఒకవైపు. ఒకడు అలిగి గేటు దగ్గర కూర్చున్నాడు. పదేళ్ల పిల్ల ఒకతె మాత్రం పట్టు వదల్లేదు. ఎడమకాలి సంగతి పక్కనపెట్టి, కుడికాలు ఎక్కడ ఆనించాలో వెతుక్కుంటోంది. కిటుకంతా అక్కడే ఉంది. కుడికాలు బంతి పక్కన జానెడు దూరంలో గట్టిగా ఆని, ఒళ్లు బంతి మీదికి వంగితే పాస్ నేలబారున పోతుంది. ఒళ్లు వెనక్కి వాలిందా, బంతి గాల్లోకి లేస్తుంది.

ఈ షరతు నా సొంతం కాదు, ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గారిది. హైదరాబాద్‌లో ఆయన బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారు. డ్రిబ్లింగ్ లేని పోటీలూ పెట్టేవారు. బంతి కాలికి తగలకముందే దాన్ని ఎవరికివ్వాలో తేల్చుకోవాలన్నమాట. కాలికంటే ముందు కంటికి నేర్పే చదువు అది.

1909లో పుట్టిన రహీం, ఉస్మానియా కుర్రాళ్ల ‘ఎలెవన్ హంటర్స్’ జట్టులో ఆడారు. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ, ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ జీతమిచ్చే కొలువుగా సాగుతున్న రోజులవి. ఆ జీతానికీ కట్టుబాటుంది. 1922 నుంచి రెండో యుద్ధం దాకా ఎంత గొప్ప ఆటగాడికైనా సీజన్‌లో వారానికి 8 పౌండ్లు, వేసవిలో 6 పౌండ్లు మించకూడదు. ఎవర్టన్ ఆటగాడు డిక్సీ డీన్ 1927-28 లీగ్‌లో 60 గోల్స్ కొట్టాడు. అతనికీ ఇదే హద్దు. పైగా క్లబ్బు వదిలితే తప్ప మరో క్లబ్బుకు పోలేడు. అది అన్యాయమే. అయినా ఆ కాలే అతనికి కూడు పెట్టింది. అప్పట్లో మన దగ్గర ఆ దారే లేదు. రహీం బడిపంతులయ్యారు. ఆయన దగ్గర ఆడినవాళ్లలో చాలామందికి అన్నం పెట్టింది పోలీసు ఉద్యోగం.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఆయన 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా కోచ్. ఆ జట్టు 1950లో ఇక్కడే, ఢిల్లీలో, మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు పట్టుకుపోయింది. మరుసటి మార్చిలో నేషనల్ స్టేడియంలో రహీం తయారుచేసిన భారత జట్టు ఇరాన్‌పై 1-0తో మొట్టమొదటి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. ఆ గోల్ సాహు మేవాలాల్‌ది. ఆ మైదానం ఇప్పుడు ధ్యాన్‌చంద్ పేరిట హాకీది. డ్యూరాండ్ కూడా 2019లో కోల్‌కతాకు తరలిపోయింది. ఢిల్లీ గేట్ దగ్గర, ఒకప్పుడు డ్యూరాండ్ ఆడిన అంబేడ్కర్ స్టేడియం పక్కగా బస్సు పోతుంటే నాకు ఆ కప్పే గుర్తొస్తుంది, మనసు చివుక్కుమంటుంది.

సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవన్నాడు. రహీం సాబ్ సైకిలు అద్దెకు రోజుకో రూపాయి ఇచ్చారు. ఆ కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. రహీం గారి గురించి ఎవరు అడిగినా నేను పతకాలకంటే ముందు ఈ రూపాయి సంగతే చెబుతాను.

మొన్న ఎండ ముదిరాక పిల్లలంతా నీళ్ల కుళాయి దగ్గరికి పరిగెత్తారు. ఆ పిల్ల వెళ్లలేదు. గోడకేసి ఎడమకాలితో తంతూనే ఉంది. గేటు దగ్గర అలిగి కూర్చున్నవాడు లేచి, గోడనుంచి తిరిగొచ్చిన బంతిని ఎడమకాలితో ఆపి ఆమెకిచ్చాడు.