మూడో అధికరణం పనితనం

ఇంటర్నెట్‌లో ఒక పేజీ చట్టవిరుద్ధమైనది కావచ్చు. అంతమాత్రాన దాన్ని మీకు కనబడకుండా ఆపే హక్కు మీకు కనెక్షన్ ఇచ్చిన కంపెనీకి రాదు. ఈ రెండు మాటలకూ పొసగదనిపిస్తుంది. రెంటినీ ఒకే చోట పొసగేలా రాసి చూపించింది యూరోపియన్ యూనియన్. ఆ రాత పేరు 2015/2120 రెగ్యులేషన్. 2015 నవంబర్ 25న ఆమోదం పొందింది, 2016 ఏప్రిల్ 30 నుంచి అమల్లోకి వచ్చింది. రోమింగ్ చార్జీల సంగతులూ అందులోనే ఉన్నాయి గానీ, పనితనం చూడాలంటే మూడో అధికరణం చదవాలి. మొత్తం ఐదు పేరాలు.

ఈయూలో డైరెక్టివ్ వేరు, రెగ్యులేషన్ వేరు. డైరెక్టివ్ అయితే ప్రతి సభ్యదేశమూ దాన్ని తన చట్టంగా మళ్లీ రాసుకోవాలి. రెగ్యులేషన్‌కు ఆ పని లేదు, అన్ని దేశాల్లోనూ నేరుగా చెల్లుతుంది. కాబట్టి ఇందులో ఒక దేశపు సొంత చట్టానికి చోటుండాలంటే ఆ చోటు రెగ్యులేషనే ఇవ్వాలి. ఎక్కడ ఇచ్చింది, ఎంత ఇచ్చింది అన్నదే చూడవలసింది.

మొదటి పేరా వినియోగదారుడి హక్కు చెబుతుంది. కావలసిన సమాచారం తీసుకోవచ్చు, ఇవ్వవచ్చు, నచ్చిన యాప్ వాడవచ్చు, నచ్చిన పరికరంతో వాడవచ్చు. చివర ఒక చిన్న వాక్యం తగిలించారు: ఏ సమాచారం చట్టబద్ధం అన్న విషయంలో ఈయూ చట్టానికీ, దానికి లోబడిన జాతీయ చట్టానికీ ఇది అడ్డురాదు. జర్మనీలో నాజీ చిహ్నాల ప్రదర్శన నేరం. జూదం మీద ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. ఆ తగాదాల్లోకి ఈ రెగ్యులేషన్ దిగదు.

మూడో పేరాకు వస్తే స్వరం మారుతుంది. ట్రాఫిక్ అంతటినీ సమానంగా చూడాలంటుంది. తర్వాత కంపెనీలు చేయకూడని పనులు వరసగా ఏడు: ఆపడం, నెమ్మది చేయడం, మార్చడం, పరిమితం చేయడం, జోక్యం చేసుకోవడం, నాణ్యత తగ్గించడం, వివక్ష చూపడం. ఏడెందుకు, రెండు చాలవా అనిపిస్తుంది. చాలవు. 'ఆపలేదండీ, కాస్త నెమ్మది చేశాం' అనే లాయరు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు.

ఈ ఏడింటికీ మినహాయింపులు మూడే. నెట్‌వర్క్ భద్రత ఒకటి, ముంచుకొచ్చే రద్దీని తప్పించడం మరొకటి. వాటికంటే ముందు రాసినది చట్టం. జాతీయ చట్టానికి మళ్లీ ఇక్కడ చోటిచ్చారు, అదే షరతు మీద: ఈయూ చట్టానికి లోబడి ఉండాలి. పైగా ఆ చట్టమో, కోర్టు ఉత్తర్వో, అధికారం ఉన్న సంస్థ ఆదేశమో కంపెనీకి వర్తించేదై ఉండాలి. దాన్ని పాటించడానికి ఎంత అవసరమో అంతే ఆపాలి. అంటే ఏది తప్పో చెప్పడం ఒక పేరాలో, తప్పును ఎవరు చెబితే ఆపాలో ఇంకో పేరాలో పెట్టారు. మధ్యలో కంపెనీ తనంతట తానే న్యాయమూర్తి అయ్యే దారి లేదు. వడ్రంగి మేకు కొట్టకుండా రెండు చెక్కల్ని కుసి తొలిచి బిగించినట్టు ఉంటుంది ఆ కలయిక.

బిగింపు ఎంత అవసరమో ఆస్ట్రియా చూపించింది. కినో.టూ అనే పైరసీ సైట్ కేసులో 2014 మార్చిలోనే ఈయూ న్యాయస్థానం, సైట్లు ఆపమని కోర్టులు ఆదేశించవచ్చు గానీ, చట్టబద్ధమైన సమాచారం అనవసరంగా అందకుండా పోకూడదని చెప్పింది. అయినా 2022 ఆగస్టులో అక్కడి కంపెనీలు పైరసీ పేరుతో కొన్ని క్లౌడ్‌ఫ్లేర్ ఐపీ అడ్రసుల్ని ఆపితే, వాటినే పంచుకుంటున్న, ఏ పాపమూ ఎరగని వేలాది సైట్లు కూడా తెరుచుకోలేదు. అదే ఏడాది మార్చిలో రష్యా చానళ్లు ఆర్‌టీ, స్పుత్నిక్‌ల మీద ఈయూయే నిషేధం పెట్టినప్పుడు, నియంత్రణ సంస్థల ఉమ్మడి వేదిక బెరెక్ ఈ మొదటి మినహాయింపునే చూపించి, ఆపడం చెల్లుతుందంది. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. తలుపు మాత్రం ఉన్నచోటే తెరుచుకుంది.

నాకు ఎక్కువ నచ్చేది బ్రిటన్ కథ. అక్కడి పెద్ద కంపెనీలు పిల్లల రక్షణ కోసం అశ్లీల సైట్లకు ఫిల్టర్లు పెట్టాయి, చట్టం వల్ల కాదు, ప్రభుత్వంతో కుదుర్చుకున్న ఒప్పందం వల్ల. ఒప్పందం చట్టం కాదు కదా! 2015 అక్టోబర్‌లో ప్రధాని కామెరాన్ పార్లమెంటులో, పొద్దున్న పేపర్‌లో ఆ ఫిల్టర్లకు ముప్పన్న వార్త చూసి కార్న్‌ఫ్లేక్స్ తింటూ పొలమారినంత పనైందని, అయినా తమకు మినహాయింపు సాధించామని చెప్పారు. నిజానికి రెగ్యులేషన్‌లో బ్రిటన్ పేరు లేదు. పదో అధికరణంలో ఉన్నది గడువు: పాత స్వీయ నియంత్రణ పద్ధతులు 2016 డిసెంబర్ 31 వరకు సాగవచ్చు. ఆపైన చట్టం కావాలి. బ్రిటన్ 2017లో డిజిటల్ ఎకానమీ చట్టంలో 104వ సెక్షన్ చేర్చింది. అది ఫిల్టర్లు 'పెట్టవచ్చు' అంది, 'పెట్టాలి' అనలేదు. మినహాయింపు ఉన్నది పాటించి తీరవలసిన చట్టానికి. అనుమతి ఇచ్చే చట్టానికి అది వర్తిస్తుందా? నా లెక్కలో వర్తించదు. ఈయూ న్యాయస్థానం ఆ ప్రశ్న తేల్చకముందే బ్రిటన్ యూనియన్‌నే వదిలిపోయింది.

పని ఎంత బాగున్నా ఒక చోట ఉలి ఆగిపోయింది. కొన్ని యాప్‌ల డేటాను లెక్కలోంచి తీసేసే జీరో రేటింగ్ మీద రెగ్యులేషన్ నేరుగా ఏమీ అనలేదు. మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న ఒక్క ఆదేశంతో అలాంటి ధరల వివక్షను నిషేధించింది. కొన్ని సైట్లను ఉచితంగా చూపించే ఫేస్‌బుక్ పథకం ఫ్రీ బేసిక్స్ ఇక్కడ మూటాముల్లె సర్దుకుంది. యూరప్‌లో నెదర్లాండ్స్ అదే పని చేయబోయింది. 2011లో కేపీఎన్ వాట్సాప్ లాంటి యాప్‌లకు విడిగా డబ్బులు వసూలు చేస్తాననడంతో మరుసటేడాది చట్టం తెచ్చిన దేశమది. 2016లో జీరో రేటింగ్‌ను పూర్తిగా నిషేధించింది. టీ-మొబైల్ సంగీతం ప్యాక్ మీద ఆ నిషేధం ప్రయోగిస్తే, 2017 ఏప్రిల్‌లో రాటర్‌డామ్ కోర్టు కొట్టేసింది. రెగ్యులేషన్‌లో లేని సంపూర్ణ నిషేధాన్ని జాతీయ చట్టం చేర్చడానికి వీల్లేదంది. తక్కువ రక్షణ ఇచ్చే చట్టమే కాదు, ఎక్కువ ఇచ్చే చట్టమూ నిలవదన్నమాట.

తర్వాత హంగరీలో టెలినార్ కేసు. మైచాట్, మైమ్యూజిక్ ప్యాకుల్లో కొన్న డేటా అయిపోయాక కూడా వాట్సాప్, స్పాటిఫై లాంటివి మామూలుగా నడిచేవి, మిగతావి కుంటేవి. 2020 సెప్టెంబర్ 15న ఈయూ న్యాయస్థానం ఇచ్చిన తీర్పులో మెచ్చుకోదగినది తర్కం. కంపెనీకీ కస్టమర్‌కూ మధ్య ఒప్పందాల గురించి చెప్పే రెండో పేరా దారిన పోతే వినియోగదారుల మీద ప్రభావం కేసు కేసుకూ కొలవాలి. మూడో పేరాకు ఆ కొలత అక్కర్లేదు. వ్యాపారం కోసం నెమ్మది చేస్తే చాలు, తప్పే. 2021 సెప్టెంబర్ 2న వొడాఫోన్, డాయిచె టెలికాం కేసుల్లో అదే తర్కాన్ని చివరిదాకా తీసుకెళ్లింది: జీరో రేటింగే సమాన ట్రాఫిక్ సూత్రానికి విరుద్ధం. 2022 ఏప్రిల్‌లో జర్మన్ నియంత్రణ సంస్థ ఆ రెండు కంపెనీల స్ట్రీమ్‌ఆన్, వొడాఫోన్ పాస్ పథకాలను నిషేధించింది. పాత కస్టమర్లకు 2023 మార్చి వరకు గడువిచ్చింది. నెదర్లాండ్స్ చట్టంలో రాస్తే చెల్లనిది, రెగ్యులేషన్‌లోని పాత అక్షరాలనే చదివితే చెల్లింది.

జరిమానాల విషయంలో మాత్రం చట్టకర్తలు చేతులు దులుపుకున్నారు. ఆరో అధికరణం శిక్ష ఎంతో చెప్పకుండా, 'సమర్థంగా, తగిన పాళ్లలో, వెనకాడేలా చేసేది'గా ఉండాలని మాత్రం అని, అంకె వేసే పని ఒక్కో దేశానికి వదిలేసింది. తప్పు అంతటా ఒకటే, దాని ఖరీదు మాత్రం సరిహద్దు దాటితే మారిపోతుంది.